పరిగెడితే చల్లన, ఆగితే వేడి

మా రెండు జిల్లాల్లో కారు ఏసీకి వచ్చే జబ్బు ఒక్కటే. దాని పేరు గ్యాస్ అయిపోవడం. బెల్టు తెగినా గ్యాసే, ఫ్యాను ఆగినా గ్యాసే, ఎలక వైరు కొరికేసినా గ్యాసే. కారు దిగీ దిగకముందే "అప్పారావూ, గ్యాస్ కొట్టీ, బేగెల్లిపోవాల" అంటారు. అదేదో సైకిలుకి గాలి కొట్టినట్టు.

నేను రాజాంలో పాలకొండ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పాతికేళ్లు కారు ఏసీలు బాగుచేశాను. అంతకుముందు విజయనగరంలో పని నేర్చుకున్నాను. పోయిన ఏడాది నా మోకాళ్లు ఇక వంగమని తేల్చి చెప్పాయి. షెడ్డు మూసేశాను. ఇప్పుడు తీరికే తీరిక కనుక, ఈ పనిలోకి కొత్తగా దిగుతున్నవాళ్ల కోసం తెలిసింది రాస్తున్నాను. నాకు జరిగిన సన్మానాల గురించి రాయను. జరిగింది ఒక్కటే. శాలువా కప్పాక తెలిసింది, వాళ్లు పిలవాలనుకున్నది హోమియో డాక్టరు అప్పారావుని.

ముందు గ్యాస్ సంగతి తేల్చేద్దాం. ఏసీలో గ్యాస్ అంటే పెట్రోలు కాదు, వాడే కొద్దీ అయిపోవడానికి. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. లోపలి వేడి తీసుకుని బయట పారబోస్తుంది, మళ్లీ లోపలికి వస్తుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు వెతకకుండా మళ్లీ నింపడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ఇంత వివరంగా చెప్పినందుకు ఎంతోమంది నా షెడ్డులోంచి లేచి పక్క షెడ్డుకి వెళ్లిపోయారు. అక్కడ మాటల్లేవు, గ్యాస్ కొట్టడమే.

మేస్త్రి

నాకు పని నేర్పింది విజయనగరంలో పైడిరాజు మేస్త్రి. కారు వచ్చీ రాగానే బానెట్ ఎత్తితే చేతి మీద ఒకటి ఇచ్చేవాడు. ముందు కారెక్కి కూర్చుని, తోలేవాడి పక్కన ఊరు చుట్టి వచ్చేవాడు. దార్లో వాడిని ప్రశ్నలతో కాల్చుకు తినేవాడు. చల్లగాలి పొద్దున రాదా, మజ్జానం రాదా? ఎత్తు ఎక్కుతుంటే రాదా, పల్లం దిగుతుంటే రాదా? ఆ తర్వాతే బానెట్. అప్పుడు కూడా పానాలు ముట్టేవాడు కాదు. గొట్టాలు చేత్తో పట్టుకుని చూసేవాడు. సన్న గొట్టం వేడిగా ఉండాలి, లావు గొట్టం చల్లగా ఉండి చెమట పట్టాలి. అప్పుడు గేజీలు తగిలించేవాడు. నీలం గేజీ ఒకటి, ఎర్ర గేజీ ఒకటి, రెండు గొట్టాల్లో ఒత్తిడి ఎంతుందో చెప్పేవి.

"ఒరే, కారుకి నోరు నేదు. తోలేవోడికి ఉన్నాది. ఆడ్ని అడగరా ముందు" అనేవాడు.

గొప్ప చెయ్యి ఆయనది. కానీ ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా, ఆయన పొరపాటు చేసినప్పుడు మాత్రం అది ఆయన పొరపాటు కాదు. కంపెనీవాడిది, లేకపోతే రోడ్డుది, ఏమీ దొరక్కపోతే నాది. తప్పయిందని ఒప్పుకోవడం అనే విద్య ఆయన దగ్గర నేర్చుకుందామన్నా ఆయన దగ్గర ఆ సరుకు లేదు. ఆ లోటు నా పనిలో చాలాకాలం కనబడలేదు. కనబడిన రోజు ఎలా ఉందో కింద రాశాను.

టై కట్టుకున్న మేనేజరు

మేస్త్రి దగ్గర మానేశాక రెండేళ్లు ఒక షోరూంలో చేశాను. దాని పేరు ఎందుకులెండి. అక్కడ మా మేనేజరు మే నెలలో కూడా టై కట్టుకునేవాడు. ఆయనకి బానెట్ ఎక్కడ తెరుచుకుంటుందో తెలుసని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కారుకి కంప్యూటరు తగిలిస్తే అది ఒక కాగితం ఇచ్చేది. కాగితంలో అంతా పచ్చగా ఉంటే ఏసీ బాగున్నట్టు.

ఒకసారి నరసన్నపేట నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది. మేనేజరు ఆయన చేతిలో ఆ కాగితం పెట్టి, మీ ఏసీ చక్కగా పనిచేస్తోంది సార్ అన్నాడు. పెద్దాయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, దాంతోనే విసురుకోవడం మొదలెట్టాడు. "అవునండి, ఇది బాగా పని సేస్తన్నాది" అన్నాడు.

కంప్యూటరు పనికిరాదని నేననను. ఈ రోజుల్లో అది లేకుండా పని జరగదు, మీరు తప్పకుండా నేర్చుకోండి. కారులో కూర్చున్న మనిషికి చెమట పడుతుంటే మాత్రం కాగితం తప్పు, మనిషి ఒప్పు. ఇది ఆ షోరూంలో అన్నందుకే నేను సొంత షెడ్డు పెట్టుకోవలసి వచ్చింది.

దేవుళ్లు, బావగారి కారు

సొంత షెడ్డులో నేను తిరిగిచ్చిన కార్లలో సగానికి ఏ రోగమూ లేదు. ఒకాయన డ్యాష్‌బోర్డు మీద దేవుళ్లందర్నీ వరసగా అంటించాడు. మధ్యలో చల్లగాలి వచ్చే రెండు కన్నాలకీ అడ్డంగా బంతిపూల దండ. గాలి దేవుళ్లకి తగులుతోంది, ఆయనకి తగలడం లేదు. దండ పక్కకి జరపమంటే, "ఆళ్లకి ఉక్కపోయదేటి?" అని నన్నే ఎదురడిగాడు.

ఇంకొక హెడ్మాస్టరు రోజూ పొద్దున్నే కారు అద్దాలన్నీ మూసి, ఏసీ వేసి, అగరొత్తులు వెలిగించేవాడు. నెల తిరిగేసరికి గాలి తగ్గిపోయింది. గ్యాసే అన్నాడు. డ్యాష్‌బోర్డు లోపల, సామాను పెట్టుకునే అర వెనకాల, గాలి వడగట్టే ఫిల్టరు ఒకటి ఉంటుంది. అది బయటికి తీస్తే బొగ్గులా ఉంది, షెడ్డంతా సత్యనారాయణ వ్రతం వాసన. హెడ్మాస్టరు ఆ ఫిల్టరుకి దణ్ణం పెట్టబోయి ఆగాడు.

అన్నిటికంటే మొండి రోగం బావగారి కారు. "మా బావ కారులో దుప్పటి కప్పుకోవాలండి, మాదాన్లో ఏటీ నేదు" అంటారు. బయటిగాలి లోపలికి వచ్చే మీట తెరిచి పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం టెక్కలి రోడ్డు మీది వేడంతా లోపలికి లాక్కుంటూ ఉంటారు. మీట మూసి, పావుగంట తిప్పి ఇచ్చేవాణ్ణి. నేను చేసింది మీట మూయడమే అంటే నమ్మరు కనుక, బానెట్ ఎత్తి కాసేపు లోపలికి చూస్తూ నిలబడేవాణ్ణి. అప్పుడు వాళ్లకి తృప్తి. ఇది మోసం కాదా అంటే కొంచెం మోసమే.

ఇలా జనాన్ని చూసి నవ్వుకుంటూ నవ్వుకుంటూ, నాకు అన్నీ తెలుసనే అభిప్రాయానికి వచ్చేశాను. అదీ అసలు రోగం.

మిల్లుబాబు కారు

ధాన్యం మిల్లు సత్తెంబాబు గారు మా ఊళ్లో పెద్దమనిషి. ఆయనకి తెల్లటి పెద్ద కారు ఉండేది. దాన్ని తోలేవాడు సింహాచలం. రాజాం పక్క పల్లె వాడే, ఆయన దగ్గర పదేళ్ల పైనుంచి ఉన్నాడు. పొగాకు, బీడీ, మందు ఏవీ లేవు. ఎక్కడ ఆపినా తువ్వాలు తీసి అద్దం తుడుస్తూ కనబడేవాడు.

ఆ కారు నా దగ్గరికి వచ్చింది మార్చి నెలాఖర్లో. ఆ రోజుల్లో మా రోడ్లు ఎలా ఉంటాయో కొత్తవాళ్లకి చెప్పాలి. మినప, పెసర చేలు కోసి, ఎండిన మొక్కల్ని తెచ్చి తారురోడ్డు మీద పరిచేస్తారు. మీదనుంచి బస్సులూ కార్లూ పోతే కాయలు చిట్లి గింజలు రాలతాయి. రైతుకి నూర్పిడి ఉత్తినే అయిపోతుంది. ఎవరైనా పక్కనుంచి పోబోతే, "బాబూ, మీదనించి తోలండి" అని కర్ర ఊపి మరీ పిలుస్తారు. పొట్టు అంతా లేచి కారు ముక్కులోకి పోతుంది.

సత్తెంబాబు గారు వెనక సీట్లోంచి దిగుతూనే మొదలెట్టారు. "అప్పారావూ, ఇది ఏసీయో, ఇస్త్రీ పెట్టో తెలడం నేదు. రెండు సోట్ల గ్యాస్ కొట్టించినాను. నా పేణం ఉడికిపోతన్నాది."

సింహాచలం నన్ను ఊరి వరసకి బావా అనేవాడు. నా పక్కకి వచ్చి నెమ్మదిగా అన్నాడు. "బావా, రోడ్డు మీద పరిగెడితే సల్లగానే వస్తన్నాది. మిల్లు కాడ ఆగినామా, ఏడిగాలి కొడతన్నాది."

పైడిరాజు మేస్త్రి అయితే ఆ మాటతో సగం పని అయిపోయిందనేవాడు. ఈ పని చేసేవాడికి ఇంతకంటే మంచి సమాచారం దొరకదు. నేను ఇంకొక్క ప్రశ్న అడిగి ఉండాల్సింది. ఇంతలో సత్తెంబాబు గారు వాణ్ణి కసిరారు. "నువ్వు ఒగ్గీరా. మెకానిక్కు నువ్వా, ఆడా?"

రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ మాట నాకు నచ్చింది. షెడ్డు ముందు పది మంది ఉన్నారు. తమ కార్ల కోసం కాచుకున్నవాళ్లు కొందరు, ఏ కారూ లేకుండా టీ కోసం వచ్చేవాళ్లు కొందరు. అందరూ నా వైపే చూస్తున్నారు. బానెట్ ఎత్తాను. గ్యాస్‌ని తోసే కంప్రెసర్ మీద కంపెనీ స్టిక్కరు లేదు. ఇంజన్ వేయించాను. కంప్రెసర్ టక్కున పట్టుకుంటోంది, కాసేపటికి టక్కున వదిలేస్తోంది. గేజీలు గోడకే వేలాడుతున్నాయి. తగిలించాలంటే వంగాలి, పైగా పావుగంట పడుతుంది. పది మంది ముందు పావుగంట ఆలోచిస్తే నా గొప్పతనం ఏముంది?

"బాబూ, ఇది కంపెనీ కంప్రెసర్ కాదు. ఎవలో మార్చీసినారు" అన్నాను. గట్టిగానే అన్నాను.

టీ గ్లాసులు ఆగిపోయాయి. సత్తెంబాబు గారు సింహాచలం వైపు తిరిగారు. "కారు ఎవలి సేతిలో ఉంటాదిరా?"

"నా సేతిలోనే ఉంటాది బాబూ. నాను తియ్యనేదు. శ్రీకూర్మం సామి మీద ఒట్టు."

"సామినెందుకు లాగుతావు మజ్జిన? తాళం ఇటియ్యి."

సింహాచలం తాళం ఇచ్చాడు. నా వైపు చూశాడు, నేనేమైనా అంటానేమోనని. నేను కంప్రెసర్‌ని ఇంకా శ్రద్ధగా చూస్తున్నట్టు నటించాను. వాడు కారులోంచి తన టిఫిన్ క్యారేజీ, తువ్వాలు తీసుకుని బస్సుల వైపు నడిచాడు.

వాడు మలుపు తిరిగేలోపే మా టీ సభ తీర్పు రాసేసింది. "మొన్న ఇంటికి శ్లాబేసినాడు కాదేటి! అదన్నమాట సంగతి" అన్నాడొకడు. పదేళ్లు ఉద్యోగం చేసినవాడు శ్లాబు వేసుకోవచ్చని ఆ పది మందిలో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

పోలీసు కన్ను

కొత్త కంప్రెసర్ వేశాను. పాత గ్యాస్ అంతా తీసేసి, కొలత ప్రకారం కొత్తది నింపాను. రోడ్డు మీద తిప్పి చూస్తే చల్లగా వచ్చింది. సత్తెంబాబు గారు భుజం తట్టి, "నీది పోలీసు కన్నురా అప్పారావూ" అన్నారు.

ఇంటికి వెళ్లి అన్నం తింటూ మా ఆవిడతో ఈ ముక్క గొప్పగా చెప్పాను. ఆవిడ పప్పు వడ్డిస్తూ ఆగింది.

"ఏ సింహాచలం? మొన్న బస్సు నేకపోతే నన్ను ఆసుపత్రి కాడ దింపీసి ఎల్లినోడా?"

"ఆడే."

"ఆడు దొంగేటి? నువ్వు సూసినావా?"

"కంప్రెసర్ సూసినాను."

"కంప్రెసర్ సెప్పినాదా, ఆడు తీసినాడని?"

ఆడవాళ్లకి మెషీన్లు అర్థం కావని ఆ రోజు నేను అన్నాను. ఇప్పటికీ పప్పు వడ్డించినప్పుడల్లా ఆ మాట నాకు తిరిగి వడ్డిస్తుంది.

వారం తిరక్కుండానే కారు మళ్లీ వచ్చింది. కొత్త డ్రైవరు దిగాడు. "బావూ, రోడ్డు మీద బాగానే ఉంటాది. మిల్లు కాడ ఆగితే ఏడిగాలి" అన్నాడు.

సింహాచలం అన్నది ఇదే. గోడ మీంచి గేజీలు తీశాను, ఈసారి వంగాను. కారు నిలబెట్టి ఏసీ వేస్తే ఎర్ర గేజీ ముల్లు పాకుతూ పైకి పోతోంది. ఎక్కి ఎక్కి ఒక హద్దు దాటగానే కంప్రెసర్ టక్కున వదిలేసింది. గొట్టాలు పేలకుండా దాన్ని ఆపే స్విచ్ ఒకటి ఉంటుంది, అది తన పని చేసింది. అంటే పాత కంప్రెసర్ పట్టుకుని వదిలేసిందీ ఇందుకే. దానికి ఏ జబ్బూ లేదు.

కొత్తవాళ్లు ఇక్కడ కాస్త ఆగి వినండి. కారు ముందు జాలీ వెనకాల, రేడియేటర్ కంటే ముందుగా, కండెన్సర్ అని ఒకటి ఉంటుంది. లోపల్నుంచి తెచ్చిన వేడిని గ్యాస్ అక్కడే వదిలిపెడుతుంది. దాని మీదుగా గాలి పోవాలి. కారు పరిగెడుతుంటే ఎదురుగాలి ఎలాగోలా దూరుతుంది. ఆగితే ఫ్యాను ఒక్కటే దిక్కు. పరిగెడితే చల్లన, ఆగితే వేడి అని తోలేవాడు అన్నాడంటే, వాడు మీకు కండెన్సర్ అడ్రసు చెప్పినట్టే. ఫ్యాను చూడండి. ఫ్యాను తిరుగుతుంటే ఒక బకెట్ నీళ్లు తెచ్చి జాలీలోంచి పోయండి.

పోశాను. ఎర్ర ముల్లు గబగబా కిందికి దిగింది. లోపల చల్లగాలి మొదలైంది.

"ఇదేటి బావూ, కారుకి తానం సేయిస్తే సలి పుట్టినాది!" అన్నాడు కొత్త డ్రైవరు.

కింద కారిన నీళ్లు గోధుమరంగులో ఉన్నాయి, నిండా పొట్టు. ముందు బంపరు విప్పాను. జాలీకీ కండెన్సర్‌కీ మధ్య నీలం దోమతెర గుడ్డ. నాలుగు మడతలు పెట్టి, గోనెసంచులు కుట్టే పురికొసతో నాలుగు మూలలా కట్టి ఉంది. దాని మీద మినప పొట్టు, దుమ్ము కలిసి పిడకలా అట్టకట్టాయి. దాంట్లోంచి గాలి కాదు కదా, దోమ కూడా దూరదు.

సత్తెంబాబు గారికి ఫోన్ చేశాను.

"అదా! నానే కట్టించినాను" అన్నారు, ఎంతో సంతోషంగా. "సింహాచలం సెలవెట్టిన రోజు బస్తాలు మోసే మా కలాసీలని పెట్టి కట్టించినాను. ఇంజన్లోకి పొట్టెల్లిపోతన్నాదని. ఎంత పట్టినాదో సూసినావా? సెప్పు, నా అయిడియా పని సేసినాదా నేదా?"

"బాగా పని సేసినాది బాబూ. పొట్టుతో పాటు గాలిని కూడా రానివ్వనేదు" అన్నాను.

పాత కంప్రెసర్‌కి జబ్బు లేదన్న అసలు మాట మాత్రం ఫోన్లో నోటికి రాలేదు. పెట్టేశాక, మూల పడేసిన పాత కంప్రెసర్ తీసి కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. మురికి కింద, లోహం మీద పోతపోసిన కంపెనీ గుర్తు ఉంది. కారుతో పుట్టిన కంప్రెసరే అది. స్టిక్కరు ఏ వాటర్ సర్వీసింగ్‌లోనో నీళ్ల దెబ్బకి ఊడిపోయి ఉంటుంది. గుడ్డతో ఒక్కసారి తుడిచి ఉంటే ఆ రోజే కనబడేది. నేను తుడవలేదు. నోరు తెరిచాను.

రెండు రోజులు

ఆ తర్వాత రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. దీన్ని దాచి రాస్తే ఈ వ్యాసం దండగ. నాకు నేను చెప్పుకున్న సాకులు ఇవి. సింహాచలం దొంగ అని నేననలేదు, ఎవరో మార్చారని మాత్రమే అన్నాను. వాణ్ణి తీసేసింది సత్తెంబాబు గారు, నేను కాదు. మంచి డ్రైవరుకి పని దొరక్కపోదు. ఇప్పుడు చెబితే నా షెడ్డుకి ఎవరొస్తారు? మా మేస్త్రి నా లోపల కూర్చుని ఒక్కొక్క సాకూ అందిస్తూనే ఉన్నాడు.

మూడో రోజు మా ఆవిడ అడిగింది. "ఆ మిల్లు కారుకి ఏటైనాది?" చెప్పాను. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. "మరింకా ఇక్కడే కూకున్నావేటి?" అంది.

బండి మీద సింహాచలం వాళ్ల ఊరు వెళ్లాను. వాడి భార్య రోడ్డు మీద వేరేవాళ్ల మినప మొక్కలు కర్రతో తిరగేస్తోంది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది. వాడు ఇంటి వెనక కట్టెలు కొడుతున్నాడు. రెండు చోట్ల డ్రైవరు పనికి అడిగాడట. రెండు చోట్లా అడిగింది ఒకే ప్రశ్న, మిల్లు కాడ ఎందుకు మానీసినావని.

"తప్పు నాదిరా సింహాచలం. కంప్రెసర్ కంపెనీదే. నాను సూడకుండా అనీసినాను."

వాడు గొడ్డలి కింద పెట్టాడు. కోపంగా కూడా లేడు.

"ఆ మాట ఎంత మందిలో అన్నావు బావా?"

జవాబు కూడా వాడే చెప్పాడు.

"పది మందున్నారు. నానూ నెక్కెట్టుకున్నాను. ఇప్పుడు నా పెరట్లోకొచ్చి, నాకొక్కడికే ఇనబడీలాగ సెప్తన్నావు. నాను దొంగని కాదని నాకు తెల్దేటి?"

మిల్లు ముంగిట్లో

మర్నాడు పొద్దున లారీలు దిగే వేళకి, పాత కంప్రెసర్ బండికి ముందు పెట్టుకుని, సింహాచలాన్ని వెనక ఎక్కించుకుని మిల్లుకి వెళ్లాను. వాడు రానన్నాడు. బతిమాలితే వచ్చాడు. కలాసీలు, రైతులు, గుమస్తాలు అందరూ ఉన్నారు. కంప్రెసర్‌ని ధాన్యం బస్తాల మీద పెట్టాను.

"ఇదేటి బావూ, కొత్తరకం ఇత్తనాలా?" అన్నాడొక కలాసీ. అందరూ నవ్వారు.

సత్తెంబాబు గారు ఆఫీసులోంచి బయటికి వచ్చి, సింహాచలాన్నీ నన్నూ కంప్రెసర్‌నీ చూసి, విషయం వాసన పట్టారు. "లోపలికి రారా అప్పారావూ. ఏసీ గదిలో కూకుని మాటాడుకుందాం."

"వద్దు బాబూ, ఇక్కడే సెప్తాను" అన్నాను.

చెప్పాను. షెడ్డులో అన్నంత గట్టిగానే చెప్పాను. ఇది కంపెనీ కంప్రెసరే, ఎవరూ మార్చలేదు. నేను గేజీ పెట్టకుండా, కనీసం గుడ్డతో తుడవకుండా, గొప్ప కోసం నోరు పారేసుకున్నాను. కారుకి ఏం జబ్బో సింహాచలం మొదటి రోజే చెప్పాడు, నేను వినలేదు. గాలికి అడ్డం పడింది దోమతెర.

"దోమతెర మాం కట్టినాం కదా, బాబు సెప్తేను" అన్నాడు వెనకనుంచి ఒక కలాసీ, సాయం చేస్తున్నాననుకుని. నవ్వబోయినవాళ్లు సత్తెంబాబు గారి ముఖం చూసి దగ్గారు.

ఆయన చెడ్డవాడేం కాదు. జేబులోంచి తాళం తీసి సింహాచలానికి చాపారు. "సర్లే. అయిపోనాది ఏదో అయిపోనాది. రేపట్నుంచి వొచ్చీరా."

అయిపోయిందేమిటో, అందులో తన తప్పెంతో ఆయన అనలేదు. సింహాచలం తాళం అందుకున్నాడు. నా గుండె మీంచి బరువు దిగింది. ఇంత సులువుగా తీరిపోయిందే, రెండు రోజులు ఎందుకు భయపడ్డానా అనుకున్నాను.

వాడు కారు దగ్గరికి వెళ్లి, దాన్ని నీడలోంచి తీసి ముంగిట్లో ఎండలో ఆపాడు. అద్దాలెత్తి ఏసీ వేసి, కదలకుండా కూర్చున్నాడు. లారీలు దించేవాళ్లు కూడా ఆగి చూశారు. చాలాసేపటికి దిగాడు. తువ్వాలుతో అద్దం మీద దుమ్ము తుడిచాడు. వచ్చి తాళం సత్తెంబాబు గారి చేతిలో పెట్టాడు.

"ఆగినా సల్లగానే వస్తన్నాది బాబూ. ఆ కొత్తోడినే ఉంచుకోండి."

సత్తెంబాబు గారు ఏదో అనబోయారు. వాడు అప్పటికే తిరిగాడు. నేను బండి స్టార్టు చేసి గేటు దాకా వెంట వెళ్లాను, ఎక్కమన్నాను. వాడి ఊరు అక్కణ్ణుంచి ఆరు కిలోమీటర్లు. నడిచే వెళ్లాడు.